చప్పుడు చేయని గాజులు

తాయమ్మ నోరు జారిన చోట పోయిన వారం ఆగాం. జారిన నోటిని కొంగుతో మూసుకుని ఆమె పెరట్లోకి పారిపోయింది. పారిపోయినంత మాత్రాన అన్న మాట వెనక్కి వస్తుందా? పైగా ఆ మాట పడింది ఎవరి చెవిలో! మనుషుల జ్ఞాపకాల గుట్టు తేల్చడమే బతుకుగా పెట్టుకున్న రూపశ్రీ చెవిలో.

కొత్తగా ఈ కథలోకి అడుగు పెట్టినవాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెప్పి ముందుకు పోదాం. డాక్టర్ రూపశ్రీ తిరుపతిలో మెదడు శాస్త్రవేత్త. తలకాయలో జ్ఞాపకం ఎలా పుడుతుంది, ఏది నిలుస్తుంది, ఏది పోతుంది అన్నదే ఆమె చదువు, కొలువు, కాపురం. పెళ్ళి మాట ఎత్తితే నవ్వి ఊరుకుంటుంది. తల్లి మునిలక్ష్మి కామెర్లతో పోయిందని చిన్నప్పటి నుంచీ వింటూ పెరిగింది. అప్పటికి బిడ్డకు నాలుగేళ్ళు. తల్లికి సంబంధించి ఆమెకు మిగిలింది ఒకే ఒక్క జ్ఞాపకం.

గంగమ్మ జాతర. మిట్టమధ్యాహ్నపు ఎండ, ఊపిరాడని జనం. ముఖానికి పసుపు పూసుకుని, ఎర్రంచు చీర కట్టుకుని అమ్మ. చంకల కింద చేతులు పెట్టి ఒక్క ఊపున ఎత్తి భుజాన వేసుకుంది. మల్లెపూలు, వాటి కింద బెల్లం వాసన ముక్కుకు తగిలాయి. గాజులు పిక్కకు ఒరుసుకున్నాయి. అమ్మ ఏడుస్తోంది. ఏడుస్తూనే కొంగున కట్టుకున్న బెల్లం ముక్క తీసి నోట్లో పెట్టింది. అంతే, దానికి ముందూ లేదు, వెనకా లేదు. అమ్మ గొంతు ఎలా ఉండేదో తెలీదు, నవ్వితే ఎలా ఉండేదో తెలీదు. అదొక్కటి పట్టుకుని ఆ బిడ్డ ఇంత మనిషైంది.

పోయిన వారం చిక్కుడుకాయలు ఒలుస్తూ ఆ జాతర ఊసే ఎత్తింది రూపశ్రీ. హాస్టలుకు పోయేదాకా ఆమెను పెంచిన మేనత్త తాయమ్మ, ఏ ధ్యాసలో ఉందో ఏమో, "ఆ జాతరకు మీ అమ్మ ఊర్లోనే లేదు కదే పాపా, చాటింపు పడక ముందే పాయ కదా" అనేసింది. చాటింపు అంటే జాతర మొదలైందని ఊరంతా డప్పు కొట్టి చెప్పడం. అది పడిందంటే ఊళ్ళోవాళ్ళు పొలిమేర దాటరు. అప్పటికే దాటి పోయినవాళ్ళు అమ్మవారి జాతర ముగిసేదాకా తిరిగి గడప తొక్కకూడదని ఆ ఇంట్లో పెద్దల పట్టు. మరి ఊళ్ళో లేని అమ్మ బిడ్డను ఎలా ఎత్తుకుంది?

ఆ ప్రశ్న వేసేలోపే అత్త పెరట్లో ఉంది. ఎంత గింజుకున్నా ఉలుకూ పలుకూ లేదు. మర్నాడు పొద్దున రూపశ్రీ కారు తీసి చిత్తూరు దారి పట్టింది, నాయన దగ్గరికి.

దారి పొడుగునా ఆమె మనసు మనసులో లేదు. పూతలపట్టు కూడలిలో టీ తాగుదామని దిగి, గ్లాసు చేతిలో పట్టుకుని అలాగే నిలబడింది. టీ చల్లారిపోయింది.

ఆమెను ఈ చదువులోకి లాగింది ఆ జ్ఞాపకమే. అన్నీ పోయి అదొక్కటే ఎందుకు మిగిలింది? పసితనంలో అడిగిన ఆ ప్రశ్న పట్టుకునే తిరుపతిలో డిగ్రీ అయ్యాక బెంగుళూరు పోయింది. ఏళ్ళ తరబడి ఎలుకల మెదళ్ళతో కాపురం చేసింది. ఒక మూలకు పోతే భయపడేలా ఎలుకకు నేర్పించి, ఆ మూలను అది తలలో ఎక్కడ దాచుకుంటుందో, ఏ కణం ఏ కణంతో చెలిమి కడుతుందో చూసింది. ఆ తర్వాత మనుషుల దగ్గరికి వచ్చింది. తలకు దెబ్బ తగిలినవాళ్ళు, జ్వరం మెదడుకెక్కినవాళ్ళు, కట్టుకున్న పెళ్ళాన్ని చూసి ఎవరమ్మా నువ్వు అనేవాళ్ళు ఆమె దగ్గరికి వస్తారు. వాళ్ళను చేయి పట్టుకుని తీసుకొచ్చే భార్యలూ కొడుకులూ గోడవారగా కూర్చుని ఏడుస్తారు. వాళ్ళకు ధైర్యం చెప్పడంలో రూపశ్రీకి మంచి పేరుంది.

ఎక్కడ ఉపన్యాసమిచ్చినా ఆమె అడుగు పెట్టేది ఆ జాతరలోంచే. అమ్మ ఎత్తుకున్న సంగతి చెప్పి, పిల్లలందరి కళ్ళలో నీళ్ళు తిరిగాక అసలు పాఠంలోకి దిగుతుంది. జ్ఞాపకాన్ని తలుచుకున్న ప్రతిసారీ మెదడు మూట విప్పి మళ్ళీ కడుతుంది, విప్పేటప్పుడు ఒకటి జారిపోతుంది, కట్టేటప్పుడు ఇంకొకటి వచ్చి చేరుతుంది, కాబట్టి మీకు ఎంతో ఇష్టమైన జ్ఞాపకాన్నే అన్నిటికంటే ఎక్కువగా అనుమానించండి అని చెబుతుంది. ఊరందరికీ చెప్పింది. తన మూట దగ్గరికి వచ్చేసరికి దీపం కింద చీకటి.

అనుమానించడానికి ఆధారాలు లేక కాదు. ఆ జ్ఞాపకంలో అమ్మ భుజం ఎంతో ఎత్తులో ఉండేది. జనం నెత్తులన్నీ కిందెక్కడో కనిపించేవి. పసిపిల్లలకు ఎవరైనా ఎత్తుగానే కనిపిస్తారని తేల్చేసింది. ఇంకో చిత్రం, అమ్మ చేతి నిండా గాజులున్నాయి, ఒక్కటీ చప్పుడు చేయదు. ఒకసారి ఒక విద్యార్థిని లేచి, మేడమ్, గాజుల చప్పుడు గుర్తులేదా అని అడిగింది. కొందరికి స్పర్శ నిలుస్తుంది, శబ్దం నిలవదు అని సర్దిచెప్పింది. ఆమె పరిశోధనలోనే మిగతావాళ్ళందరికీ శబ్దమే గట్టిగా నిలిచింది. తనదొక్కటే లెక్కకు రాదని పక్కన పెట్టేసింది. ఇంకెవరైనా ఇలా చేసి ఉంటే చీల్చి చెండాడేది కాదూ!

ఇప్పుడు ఆమె భయమల్లా ఒకటే. అమ్మ కాకపోతే ఆ మనిషి ఎవరు? తాయమ్మత్తా? పక్కింటామెనా? ముక్కూ ముఖం తెలియని ఏ ఆడమనిషిని తలుచుకుని ఇన్నేళ్ళు ఏడ్చింది? ఉన్న ఒక్క అమ్మ కూడా చేజారిపోతుందేమో. నిజం తెలుసుకోకుండా వెనక్కి తిరిగి పోదామని కూడా అనిపించింది. కానీ పోలేదు. తెలుసుకోవడం తప్ప ఇంకో పని చేతకాని మనిషి ఆమె.

చిత్తూరు బెల్లం మండీ వీధిలోకి కారు తిరగ్గానే కాగిన బెల్లం వాసన లోపలికి కొట్టింది. వేలంపాట ముగిసింది. హమాలీలు దిమ్మెలను గోతాల్లో వేసి లారీకి ఎక్కిస్తున్నారు. ఆమె నాయన మునిరామయ్య తన అంగట్లో కాటా పక్కన నులకమంచం మీద కూర్చుని ఉన్నాడు. డెబ్బై దాటిన మనిషి. ఒకప్పుడు ఆ వీధిలో ఆయనంత పొడుగు ఇంకొకడు లేడు. ఇప్పుడు కాస్త వంగాడు. పక్కనే నిర్మలమ్మ క్యారియరు విప్పి సంగటి, ఊరిబిండి పచ్చడి వడ్డిస్తోంది. రూపశ్రీకి ఏడో ఏడు నడుస్తుండగా ఆ ఇంటికి వచ్చిన రెండో ఇల్లాలు ఆమె. సవతి బిడ్డ అని ఏనాడూ ఒక పొల్లు మాట అన్నది లేదు.

తండ్రి సంగతే వేరు. ఆయన చెడ్డవాడని ఎవరూ అనలేరు, రూపశ్రీ కూడా అనదు. ఆరో ఏట ఆమెను తిరుపతిలో హాస్టల్లో వేసి, ఆయన తన బెల్లం అంగడిని చిత్తూరుకు మార్చి అక్కడే మకాం పెట్టాడు. ప్రతి ఆదివారం బస్సెక్కి వచ్చేవాడు. మురుకుల పొట్లం, బెల్లం ముక్క గేటు సందులోంచి అందించి అంత దూరంలో నిలబడేవాడు. మిగతా నాయనలు కూతుళ్ళ తల నిమురుతుంటే, బుగ్గలు పుణుకుతుంటే, ఈ బిడ్డ చేతులు కట్టుకుని చూసేది. పదో తరగతిలో బడికంతా మొదటి మార్కు తెచ్చుకుని ఎదురు పరిగెత్తితే, బాగుండాది అని కండువా సర్దుకున్నాడు. ఆ రోజు నుంచి ఆమె పరిగెత్తడం మానేసింది. అమ్మ బతికుంటేనా అనుకునేది. అమ్మ ఐతే ఎత్తుకునేది.

"ఏం పాపా, సెప్పకుండా వచ్చినావు?" అన్నాడు మునిరామయ్య, కూతురిని చూసి లేవబోతూ.

రూపశ్రీ దగ్గర ఒక పద్ధతి ఉంది. తన దగ్గరికి వచ్చినవాళ్ళను ఎన్నడూ, అది ఫలానాదేనా, ఇలాగే జరిగిందా అని అడగదు. అలా అడిగితే ఎదుటివాళ్ళ జ్ఞాపకం మన ప్రశ్న వైపు ఒరిగిపోతుంది. ఆ రోజు సంగతి మొదట్నుంచి చెప్పండి అని, ఆపైన నోరు మూసుకుని వినాలి. దారంతా ఆమె అనుకున్నది కూడా అదే. తీరా నాయన ముఖం చూసేసరికి ఇరవై ఏళ్ళ పద్ధతి గాలికి పోయింది.

"నాయనా, ఆ జాతరలో నన్నెత్తుకునింది అమ్మ కాదా?"

మునిరామయ్య చేతిలో సంగటి ముద్ద చేతిలోనే ఉండిపోయింది. నిర్మలమ్మ కంగారుగా, ఎండనపడి వచ్చిందని, ముందు చెయ్యి కడుక్కొని రెండు ముద్దలు తినమని మాట మార్చబోయింది. ఆయన ఎడమచేత్తో ఆమెను వారించి, ఎవరు చెప్పారని అడిగాడు. తాయమ్మత్త అని చెబితే, దాని నోటికి మూత లేదని గొణిగాడు. ముద్దను కంచంలో పెట్టి, చేయి కడుక్కుని, కండువాతో తుడుచుకున్నాడు. తుడిచిన చేతినే మళ్ళీ తుడిచాడు.

అప్పటికి గాని రూపశ్రీకి తన పద్ధతి గుర్తుకు రాలేదు. మంచం పట్టె మీద కూర్చుని, మొదట్నుంచి చెప్పు నాయనా అని, ఇక నోరు మూసుకుంది.

ఆయన చెప్పడం మొదలుపెట్టింది లారీ వైపు చూస్తూ. ఆ ఏడు చాటింపు పడేనాటికి మునిలక్ష్మి ఊళ్ళో లేదు. బిడ్డ అన్నం ముట్టడం మానేసింది. వీధిలో ఏ ఆడగొంతు వినిపించినా గడప దగ్గరికి పరిగెత్తేది. తాయమ్మ కథలు చెప్పింది, బెదిరించింది, కొట్టింది కూడా. కొట్టి తనే కూర్చుని ఏడ్చింది. మునిరామయ్యకు ఆ ఏడు గంగమ్మకు ఒక మొక్కు ఉంది. అది తీర్చుకోవాలి.

తిరుపతి వాళ్ళకు చెప్పాల్సిన పనిలేదు, మిగతా ఊళ్ళవాళ్ళ కోసం చెబుతున్నా. గంగమ్మ జాతరలో మొక్కు ఉన్న మగవాళ్ళు ఆడవేషం కడతారు. నున్నగా మీసం తీయించుకుని, ఒళ్ళంతా పసుపు రాసుకుని, చీర చుట్టి, పూలు ముడుచుకుని, వేపమండ చేతబట్టి అమ్మవారి గుడికి పోతారు. ఎంత మొనగాడైనా ఆ పూటకు ఆడమనిషే. రూపశ్రీ పుట్టి పెరిగింది ఆ ఊళ్ళోనే. ఏటా ఆ వేషాలను చూస్తూనే ఉంది.

"మిగతావోళ్ళు సీరల కోసం ఇల్లిల్లూ తిరిగినారు," అన్నాడు మునిరామయ్య. "నాకు ఆ పని లేకపాయ. మీ అమ్మది దండెం మిందనే ఉండాది. గాజులు కూడా ఆమెవే. నా చేతికి ఎక్కలే. తాయమ్మ సబ్బు నురగ పూసి ఎట్లో ఎక్కించింది. ఎక్కినాయి గానీ ఇరుక్కోని పోయినాయి. ఇంక కదిలితే ఒట్టు."

రూపశ్రీ ఆయన భుజం వైపు చూసింది.

ఎత్తైన భుజం. నెత్తుల మీదుగా కనిపించిన జనం. మల్లెల కింద ఆ బెల్లం వాసన, పొంగలి వండి వచ్చిన అమ్మ వాసన అని ఇన్నాళ్ళూ అనుకున్నది. చేతి నిండా ఉండీ చప్పుడు చేయని గాజులు. మెదడు ఒక్కటీ తప్పు రాసుకోలేదు. అన్నీ ఉన్నవి ఉన్నట్టే దాచిపెట్టింది. పేరొక్కటే తప్పు పడింది, అది కూడా ఆ నాలుగేళ్ళ బిడ్డ కావాలని పెట్టుకున్న పేరు.

"నువ్వా?" అంది.

"నేను ఎత్తుకోవల్లని రాలే పాపా. తాయమ్మ సంకలో ఉండి నువ్వే సూసినావు. 'అమ్మా' అని అరిసి, దాని సంకలోంచి నా మిందికి దూకినావు. కాదు అనేదానికి నాకు నోరు రాలే. ఆ పొద్దు నీకు అమ్మ కావల్ల. నా ఒంటి మింద ఆమె సీర ఉండాది."

ఆ తర్వాతది ఆయన తలవంచుకుని చెప్పాడు. గుడి నుంచి వచ్చి మిగతా మగవాళ్ళంతా బావి దగ్గర స్నానాలు చేసి, పంచెలు కట్టుకుని, ఎవరి ఇళ్ళకు వాళ్ళు పోయారు. ఆయన పోలేదు. బిడ్డ ఎన్నో నాళ్ళ తర్వాత కడుపు నిండా తిని, భుజం మీద నిద్రపోయింది. దించితే లేస్తుందని అరుగు మీద అలాగే కూర్చున్నాడు, పసుపు ముఖంతో, కొప్పులో వాడిన పూలతో. ఏం మునిరామా, అమ్మవారు ఇంకా దిగలేదా అని వీధిలో పోయేవాళ్ళు ఎకసెక్కాలాడారు. ఆడితే ఆడనీ అనుకున్నాడు. పొద్దు గూకేదాకా ఆ చీర విప్పలేదు. సిగ్గు అనేది ఆ పూట తన దగ్గరికే రాలేదని చెబుతూ, ఇన్నేళ్ళ తర్వాత ఇప్పుడు సిగ్గుపడ్డాడు.

రూపశ్రీకి ముందు కోపం వచ్చింది. దుఃఖం వచ్చే దారిలో కోపం ముందు రావడం మనుషుల్లో ఉన్నదే. ఇన్నేళ్ళు ఎందుకు దాచావని నిలదీసింది. దేశమంతా తిరిగి అబద్ధం చెప్పానంది. నన్ను నేనే ఎగతాళి చేసుకున్నట్టయిందంది. హమాలీలు మూట దించి ఇటు చూశారు. నిర్మలమ్మ వాళ్ళను కేకలేసి అవతలికి పంపింది.

మునిరామయ్య అన్నీ విన్నాడు. విని నెమ్మదిగా చెప్పాడు. "నువ్వొకసారి టీవీలో మాట్లాడితివి. నేనూ నిర్మలా ఈడనే కూసోని సూసినాము. 'మా అమ్మ ఎత్తుకునింది' అని చెప్తా కండ్ల నీళ్ళు పెట్టుకుంటివి. నీకుండేదే అదొక్కటి. దాన్ని కూడా పీక్కోమంటావా నన్ను?"

ఆమె దగ్గర ఇంకో ప్రశ్న ఉంది. హాస్టలు గేటు దగ్గర నుంచీ మోసుకొస్తున్న ప్రశ్న. శాస్త్రవేత్త అడిగేది కాదు అది, చేతులు కట్టుకుని నిలబడిన ఆ పిల్ల అడిగేది.

"మరి ఆ తర్వాత ఒక్కసారి కూడా ఎందుకెత్తుకోలేదు నాయనా?"

మునిరామయ్య కండువా కొస వేళ్ళకు చుట్టుకుని విప్పాడు.

"ఆ దినమే మాపటేళ నీళ్ళు పోసుకోని, సొక్కా తొడుక్కోని వచ్చి సేతులు సాపినా. నువ్వు కాళ్ళతో తన్నినావు. 'అమ్మను పంపించు, నువ్వొద్దు' అంటివి. తన్నినందుకు కాదులే. ఇంకోసారి ఎత్తుకుంటే ఈ బుజం గుర్తుపడతావని బయ్యం. గుర్తుపడితే ఆ ఒక్క పొద్దు అమ్మ కూడా నీకు లేకుండా పోతాది. దూరంగా ఉంటే నీ అమ్మ నీ కాడ ఉంటాది అనుకున్నా. మళ్ళ అదే అలవాటయిపాయ."

ఇంత మాట ఆయన జన్మలో ఎవరితోనూ మాట్లాడి ఉండడు. నిర్మలమ్మ కంచం ముందు కూర్చుని కొంగు నోట్లో కుక్కుకుంది.

రూపశ్రీ కన్నీళ్ళు తుడుచుకోలేదు. అమ్మ కోసం అనుకుని ఇన్నేళ్ళు తాను వెతుక్కున్నది ఈ భుజాన్నే. పరీక్ష పోయినప్పుడు, జ్వరం వచ్చినప్పుడు, మనసుకు నచ్చిన మనిషి ఇంకొకరిని చేసుకున్నప్పుడు, కళ్ళు మూసుకుని తల ఆనించుకున్నది దీని మీదే. ఆ భుజం ప్రతి ఆదివారం బస్సెక్కి గేటు దాకా వచ్చింది, చేయి చాపితే అందేంత దూరంలో నిలబడి తిరిగి పోయింది. ఆ పిల్లకు తెలిసి ఉంటే గేటు దూకి ఉండేది. ఎంత నష్టపోయాం ఇద్దరం అనిపించింది.

చేయి చాపి ఆయన భుజం మీద వేసింది. ఏళ్ళ అలవాటు కొద్దీ మునిరామయ్య జానెడు వెనక్కి జరిగాడు. జరిగి, అయ్యో అనుకున్నట్టుగా ముఖం పెట్టాడు. మళ్ళీ ముందుకు రావడం ఎలాగో ఆయనకు తెలియలేదు. రూపశ్రీ చేయి తీయకుండా తనే ఆ జానెడూ జరిగింది.

లారీ వాడు హారన్ కొట్టి పోయాడు. నాయన దొరికాడు, సరే. కానీ మనసు ఎంత పాడుదో చూడండి, దొరికినదాన్ని పట్టుకుని కూర్చోదు, పోయినదాని వెంట పోతుంది. అయితే అమ్మది నా దగ్గర ఏమీ లేదన్నమాట అనుకుంది రూపశ్రీ. ఒక్క చూపు లేదు, ఒక్క మాట లేదు. అమ్మ అన్న చోట ఖాళీ. ఆ జాతరనాడు అమ్మ ఏ ఆసుపత్రి మంచం మీద ఉందో, ఎంత బాధపడుతూ ఉందో. ఆమె కోసమే కదా ఈయన చీర కట్టింది.

"మొక్కు అమ్మ కోసమేనా నాయనా? కామెర్లు తగ్గాలనా?" అని అడిగింది. తన పద్ధతి మళ్ళీ తప్పింది.

"కామెర్లేంది? జొరం అప్పటికి దిగిపోయింది. ఒళ్ళు బాగానే ఉండె. తిరిగి రావల్లని మొక్కినా." అని ఆయన కాటా వైపు చూస్తూ, ఎవరితోనో అన్నట్టు అన్నాడు. "మొక్కు తీర్చినా. ఆమె రాలే. ఆ ఏడూ రాలే, మరుసటేడూ రాలే."

మరుసటేడు. రూపశ్రీ ఆ మాట దగ్గర ఆగింది. రోగుల మాటల్లో చిన్న పగులు కనిపిస్తే పట్టుకునే చెవి ఆమెది. జాతర అయిన కొన్నాళ్ళకే అమ్మ చచ్చిపోయిందని కదా విన్నది. చచ్చిపోయిన మనిషి మరుసటేడు తిరిగి రావాలని ఎవరైనా ఎదురు చూస్తారా?

"నాయనా, అమ్మ అప్పటికి చనిపోయింది కదా?"

నిర్మలమ్మ చప్పున తలెత్తి భర్త ముఖం చూసింది. మునిరామయ్య కూతురి చేతిని భుజం మీద నుంచి దించి, రెండు చేతుల మధ్య పెట్టుకున్నాడు.

"సచ్చిపోయిందని నేను నీకు ఎప్పుడన్నా సెప్పినానా పాపా?"

రూపశ్రీ వెతికింది. తలలో ఉన్న మూలలన్నీ వెతికింది. కామెర్లని చెప్పింది నాయనమ్మ. దేవుడి దగ్గరికి పోయిందని చెప్పింది తాయమ్మత్త. తల్లి లేని పిల్ల అని జాలిపడింది హాస్టలు ఆయా. నాయన గొంతులో ఆ మాట కోసం వెతికింది. ఆదివారాలన్నీ తిరగేసింది. ఎక్కడా లేదు. ఆయన ఏనాడూ ఆ మాట అనలేదు.

"యాడుండాది?" అంది. సభల్లో మాట్లాడే తెలుగు ఎక్కడికి పోయిందో, పుట్టినింటి మాట నోట్లోకి వచ్చింది.

నిర్మలమ్మ ఏడుస్తూ చెప్పింది. సూళ్లూరుపేటలో ఉండాది అక్క, వాళ్ళన్న కొడుకు ఇంట్లో. ఈయన ఏటా జాతర అయినాక పోయి చూసి వస్తాడు. దూరం నుంచే చూసి వస్తాడు. నీకు చెబుదామని నేను ఎన్నిసార్లు పోరు పెట్టినానో ఆ గంగమ్మకే తెలుసు.

రూపశ్రీ లేచింది. కారు తాళాలు ఏ చేతిలో ఉన్నాయో ఆమెకు తెలియడం లేదు. అమ్మ ఉంది. సూళ్లూరుపేట ఎంత దూరం? పొద్దు వాలేలోపు చేరిపోవచ్చు. ఇన్నేళ్ళు తిరుపతిలో కూర్చుని పరాయి అమ్మల జ్ఞాపకాలు తవ్వుతూ ఉంటే, తన అమ్మ ఆ పక్కనే అన్నం తింటూ, నిద్రపోతూ, బతికి ఉంది. కాళ్ళు వాటంతట అవే బయటికి నడిచాయి.

"పో. ఆపను," అన్నాడు మునిరామయ్య వెనక నుంచి. "పొయ్యే ముందు ఒక మాట విని పో."

ఆమె గుమ్మంలో ఆగింది.

"ఆ జొరం మీ అమ్మకు మెదడుకెక్కింది. బతకదన్నారు. బతికింది. మనము మాత్రం ఆమె తలకాయలోంచి పోయినాము. నన్ను సూసి ఎవురండీ మీరు అనింది. తట్టుకున్నా. నిన్ను సూస్తే అన్నా గుర్తు వస్తాదేమోనని చాటింపు పడక ముందే ఆమె పుట్టింటికి ఎత్తుకోని పోయి ఆమె ఒళ్ళో కూసోబెట్టినా. నీ మొగం పట్టుకోని శానాసేపు సూసింది. సూసి, 'ఎవురిదీ బిడ్డ? తీసుకోండి' అనింది. అప్పుడే మీ అమ్మమ్మ చెప్పింది, ఇంక బిడ్డను తేవద్దండి, ఇద్దురికీ మంచిది కాదని."

ఆయన మంచం మీద నుంచి లేచి, వంగిన నడుముతోనే కూతురి దగ్గరికి నడిచి వచ్చాడు. ఇన్నేళ్ళలో ఆయన తనంతట తాను ఇంత దగ్గరికి రావడం అదే మొదలు.

"నువ్వు ఏడవను కూడా లే. ఆమె ఒళ్ళో కూసోని, ఆమె మొగాన్నే సూస్తా ఉండావు," అన్నాడు. "అది గుర్తు లేదా పాపా నీకు?"